విజేత వెనకే నడిచే కెమెరా

అలెగ్జాండర్ మీద తీసిన డాక్యుమెంటరీల్లో ఒక చిత్రం మళ్లీమళ్లీ ఎదురవుతుంది. పాంపేయీ శిథిలాల్లో ఒక సంపన్నుడి ఇంటి నేల మీద 1831లో బయటపడిన మొజాయిక్ అది. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ఎడమవైపు తలమీద శిరస్త్రాణం కూడా లేకుండా గుర్రం మీద దూసుకొస్తున్న అలెగ్జాండర్. కుడివైపు రథం మీంచి చెయ్యి చాచి, కళ్లు విప్పార్చి చూస్తున్న పర్షియా చక్రవర్తి మూడో డేరియస్. కెమెరా ఒక ముఖం మీంచి ఇంకో ముఖం మీదికి జరుగుతుంది. అదే చిత్రంలో, రథం పక్కన నేల మీద, ఇంకో మనిషి ఉన్నాడు. కిందపడిన పర్షియా సైనికుడు. చక్రం అతని మీదికి వచ్చేస్తోంది. నున్నగా మెరుస్తున్న డాలులో తన ముఖం తనకే కనిపిస్తోంది. చిన్నచిన్న రాతి ముక్కలు ఏరి పేర్చి, ఆ డాలులో ఆ ముఖాన్ని తెచ్చిన పనివాడు రెండువేల ఏళ్ల కిందటివాడు. మన కాలపు కెమెరాలు ఆ ముఖం దగ్గర ఆగడం చాలా అరుదు.

అలెగ్జాండర్ మీద వచ్చిన మూడు డాక్యుమెంటరీలను ఈమధ్య పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నప్పుడు నాకు ఆ సైనికుడే కొలబద్ద అయ్యాడు. నటుడు బాగున్నాడా, ఏనుగులు నిజంగా ఉన్నాయా, గ్రాఫిక్స్‌కు ఎంత ఖర్చుపెట్టారు అన్నవి తర్వాతి మాటలు. ఓడినవాడిని ఎంతసేపు చూపించారు? చెబుతున్న సంగతి ఎలా తెలిసిందో ప్రేక్షకుడికి చెప్పారా? నేను అడిగేవి ఈ రెండే.

నెట్‌ఫ్లిక్స్‌లో 2024 జనవరి 31న వచ్చిన 'అలెగ్జాండర్: ది మేకింగ్ ఆఫ్ ఎ గాడ్' ఆరు భాగాలు. నటులతో కథ నడుస్తుంది, మధ్యమధ్యలో చరిత్రకారులు వచ్చి వివరిస్తారు. బక్ బ్రేత్‌వైట్ అలెగ్జాండర్, మిడో హమాదా డేరియస్. విడుదలైన కొద్దిరోజులకే గ్రీస్ సాంస్కృతిక మంత్రి లీనా మెండోనీ పార్లమెంటులోనే దీన్ని నాసిరకం కల్పనగా, చరిత్ర దోషాలతో నిండినదిగా తీసిపారేశారు. బాల్య స్నేహితుడు హెఫేస్టియన్‌తో అలెగ్జాండర్ అనుబంధాన్ని చూపించిన తీరు మీదే ఎక్కువ రచ్చ జరిగింది. నా పేచీ అది కాదు. ఇందులో మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి. డేరియస్‌ను పిరికివాడిగా కాకుండా, రాజ్యమూ కుటుంబమూ ఆలోచనా ఉన్న పాలకుడిగా నిలబెట్టారు. కథకు సమాంతరంగా ఈజిప్టులోని అలెగ్జాండ్రియా తవ్వకాలను చూపించారు. అక్కడి షల్లాలత్ తోటలో గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త కలియోపీ లిమ్నియోస్ పాపకోస్టా ఏళ్ల తరబడి తవ్వుతున్నారు. అలెగ్జాండర్‌దిగా భావిస్తున్న పాలరాతి విగ్రహం 2009లో ఆమెకు అక్కడే దొరికింది. ఊట నీళ్లను తోడుకుంటూ, ఇప్పటి ఊరి కింద ఉన్న పాత ఊరిని వెతకడం ఎంత ఓపిక పనో ఆ భాగాల్లో తెలుస్తుంది.

నా పేచీ ఎక్కడ ఆపారన్నదాని మీద. క్రీ.పూ. 331లో గాగమెలాలో డేరియస్ ఓడిపోయి, అలెగ్జాండర్ బాబిలోన్‌లో అడుగుపెట్టే దాకానే ఈ ఆరు భాగాలు వెళ్తాయి. ఆ తర్వాతి ఎనిమిదేళ్లు లేవు. 330లో పర్సెపోలిస్ తగలబడటం లేదు. తండ్రి కాలం నుంచీ సేనాపతిగా ఉన్న పార్మేనియోన్‌ను చంపించడం లేదు. 328లో సమర్‌ఖండ్ విందులో, తాగిన మైకంలో, ఒకప్పుడు తన ప్రాణం కాపాడిన క్లీటస్‌ను ఈటెతో పొడిచేయడం లేదు. స్వాత్ లోయలో మసాగా లొంగిపోయాక, వెళ్లిపోవచ్చని మాట ఇచ్చిన కిరాయి సైనికులను దారికాచి చంపడం లేదు. దాన్ని అతని యుద్ధ జీవితం మీద మచ్చగా రాసింది భారతీయుడు కాదు, గ్రీకు రచయిత ప్లూటార్క్. జీలం యుద్ధం లేదు, బియాస్ ఒడ్డున సైన్యం ఇక అడుగు ముందుకు వేయనని మొరాయించడం లేదు, 325లో మక్రాన్ ఎడారిలో దాహంతో రాలిపోయినవాళ్లు లేరు. గెలుపు దగ్గర కథ ఆపితే ఎవరైనా దేవుడైపోతాడు. ఒక మనిషి జీవితంలో ఎక్కడిదాకా చూపిస్తున్నామన్నది కూడా తీర్పే. ఆ తీర్పు ప్రేక్షకుడికి తెలియకుండా ఇచ్చేశారు.

హిస్టరీ ఛానల్ 2005లో ఇచ్చిన 'ది ట్రూ స్టోరీ ఆఫ్ అలెగ్జాండర్ ది గ్రేట్' గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పీటర్ వుడ్‌వర్డ్ సమర్పించిన ఆ కార్యక్రమానికి యుద్ధవిద్య మీద ఆసక్తి. సుమారు పద్దెనిమిది అడుగుల సరిస్సా బల్లేలు పట్టుకుని వరుసలు వరుసలుగా కదిలే మాసిడోనియా కాల్బలం ఎలా పనిచేసేది, గుర్రపు దళం ఏ మూల నుంచి ఎలా దూరింది అన్నవి అర్థం కావాలంటే అలాంటి కార్యక్రమం ఉపయోగమే. కానీ పటం మీద రంగు బాణాలు కదులుతున్నంతసేపూ ఆ బాణం కింద ఏ ఊరుందో మనకు తట్టదు. క్రీ.పూ. 335లో థీబ్స్‌ను నేలమట్టం చేసినప్పుడు ఆరువేల మందికి పైగా చంపి, ముప్పైవేల మందిని బానిసలుగా అమ్మారని పాత రచయితలే రాశారు. అది సొంత గ్రీకు నగరమే.

ఈ మూడింటిలోకీ పాతదే నాకు ఇప్పటికీ మేలైనదిగా అనిపిస్తుంది. 1998లో బీబీసీకి మైకేల్ వుడ్ చేసిన 'ఇన్ ది ఫుట్‌స్టెప్స్ ఆఫ్ అలెగ్జాండర్ ది గ్రేట్'. నాలుగు భాగాలు. నటులు లేరు, కోట గోడలు కూలే గ్రాఫిక్స్ లేవు. గ్రీస్ నుంచి టర్కీ, ఈజిప్టు, ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్ మీదుగా ఒక మనిషి ఆ దారి పట్టుకుని వెళ్తాడు. అఫ్గానిస్తాన్ అంతర్యుద్ధంలో మండుతున్న రోజులవి. వెళ్లిన చోటల్లా పాత రచయితలు చెప్పింది గుర్తుచేసి, తర్వాత అక్కడి మనుషులను అడుగుతాడు: మీ దగ్గర ఈయన గురించి ఏమంటారు?

ఆ ప్రశ్నే ఆ డాక్యుమెంటరీని నిలబెట్టింది. ఎందుకంటే జవాబులు ఒక్కలా రావు. జొరాస్ట్రియన్ల సంప్రదాయంలో అతను శాపగ్రస్తుడు, పవిత్ర గ్రంథాలను కాల్చినవాడు. ఫిరదౌసి 'షానామా'లో మాత్రం అతని తండ్రి పర్షియా రాజే. అంటే ఓడించినవాడిని తమ వంశంలోనే కలిపేసుకున్నారు. చిత్రాల్ లోయల్లో కలాష్ ప్రజలు అతని సైనికుల వారసులమని చెప్పుకుంటారు. ఒక్క మనిషి ఒకచోట దయ్యం, ఒకచోట బంధువు, ఒకచోట ముత్తాత. దేశాలు దాటి ఇన్ని నోళ్లలో నానిన కథను లండన్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో కుర్చీలో కూర్చున్న పండితుడి నోటి నుంచి మాత్రమే వింటే సగమే విన్నట్టు.

వుడ్‌లోనూ లోపం ఉంది. సాహసయాత్ర మోజు ఎక్కువ. కొన్నిచోట్ల అలెగ్జాండర్ పక్కకు జరిగి వుడ్ తెరంతా ఆక్రమిస్తాడు. విజేత వెనకే నడిచేవాడికి విజేత మీద ఎంతో కొంత మోహం కలగకుండా ఉండదేమో. అయినా చివరికి వచ్చేసరికి ఆ దారిపొడవునా మిగిలిన శ్మశానాలు అతనికి కనిపిస్తూనే ఉంటాయి. మనకూ చూపిస్తాడు.

ఇక రెండో ప్రశ్న, ఎలా తెలిసిందన్నది. అలెగ్జాండర్‌తో కలిసి నడిచినవాళ్లు రాసిన పుస్తకాలు ఒక్కటీ పూర్తిగా మిగల్లేదు. మనకున్నవి మూడు వందల ఏళ్ల తర్వాత డియోడోరస్, నాలుగు వందల ఏళ్లకు పైగా గడిచాక అరియన్ రాసినవీ, అలాంటివే మరికొన్నీ. అరియన్ ఎక్కువగా నమ్ముకున్నది టాలమీని. టాలమీ అలెగ్జాండర్ సేనాని, తర్వాత ఈజిప్టుకు రాజయ్యాడు. రాజన్నవాడు అబద్ధమాడితే అది మరీ సిగ్గుచేటు కాబట్టి అతన్ని నమ్మవచ్చని అరియన్ స్వయంగా ఇచ్చుకున్న వివరణ. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, ప్రేక్షకుడు మిగతా కథంతా కళ్లు తెరుచుకుని చూస్తాడు.

గాగమెలానే తీసుకోండి. ఆ యుద్ధాన్ని తెర మీద చూపించే తీరు ఎప్పుడూ ఒకటే: అలెగ్జాండర్ సూటిగా చక్రవర్తి వైపు దూసుకొస్తాడు, డేరియస్ రథం తిప్పుకుని పారిపోతాడు, అది చూసి సైన్యం చెల్లాచెదురవుతుంది. ఇది అరియన్ చెప్పిన వరస. కానీ ఇంకో సాక్ష్యం ఉంది. బాబిలోన్‌లో ఆకాశాన్ని రోజూ గమనిస్తూ, ధరలూ నదిమట్టమూ రాజకీయ సంఘటనలూ మట్టి పలకల మీద రాసిపెట్టిన ఖగోళ పండితులు ఉండేవారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న వాళ్ల పలక ఒకటి ఆ నెల సంగతులు చెబుతుంది. యుద్ధానికి ముందే రాజు శిబిరంలో భయం పుట్టిందని, నెలలో 24వ రోజున, అంటే మన లెక్కలో క్రీ.పూ. 331 అక్టోబర్ 1న, యుద్ధం జరిగిందని, సైనికులే రాజును వదిలేసి తమ ఊళ్లకు వెళ్లిపోయారని అందులో ఉంది. ముందు పారిపోయింది రాజా, సైన్యమా? విరిగిపోయి, అక్కడక్కడ చెరిగిపోయిన పలక కాబట్టి పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అయినా ఇది అప్పటికప్పుడు, ఏ పక్షాన్నీ పొగిడే పని లేనివాళ్లు రాసింది. నాలుగు శతాబ్దాల తర్వాత రాసిన పుస్తకానికి గుర్రాలూ దుమ్మూ నటులూ ఇచ్చి, ఈ పలకకు తెర మీద చోటివ్వకపోతే అది న్యాయం కాదు. అలెగ్జాండర్ మరణాన్ని నమోదు చేసిన పలక కూడా ఉంది. రాజు చనిపోయాడు, ఆకాశం మబ్బుగా ఉంది, అంతే. విషమా, మలేరియానా, టైఫాయిడా అని గంటల కొద్దీ నడిచే మిస్టరీ కార్యక్రమాల కంటే ఆ పొడి వాక్యం నాకు విలువైనది.

మన దగ్గరికి వస్తే జీలం యుద్ధం. అక్కడ అలెగ్జాండర్‌ను ఎదిరించిన రాజు పోరస్ ఏనుగులు ఎన్ని? అరియన్ లెక్కలో రెండు వందలు. డియోడోరస్ లెక్కలో నూటముప్పై. మరో పాత రచయిత కర్టియస్ లెక్కలో ఎనభై అయిదు. డాక్యుమెంటరీ వీటిలో ఒకటి ఏరుకుని గంభీరమైన గొంతుతో చెప్పేస్తుంది. తెలుగు బడుల్లో చదువుకున్న వాళ్లందరికీ గుర్తుండే ఘట్టం ఒకటుంది: నిన్నెలా చూడమంటావని అడిగితే, రాజును రాజులాగే చూడమని పురుషోత్తముడు, అంటే పోరస్, జవాబివ్వడం. దాన్ని మన పౌరుషంగా చెప్పుకుంటాం. అది మనకు అందింది గ్రీకు పుస్తకాల నుంచే. ఓడినవాడు ఎంత ధీరుడో చెబితే, అతన్ని క్షమించి రాజ్యం తిరిగిచ్చినవాడు ఇంకెంత గొప్పవాడో తేలుతుంది. జీలం ఒడ్డు వైపు నుంచి ఆ కాలంలో రాసిన ఒక్క వాక్యం కూడా మనకు లేదు. ఆ ఖాళీని మనం నాయకులతోనే నింపుకున్నాం. 1977లో ఎన్టీఆర్ దర్శకత్వంలో వచ్చిన 'చాణక్య చంద్రగుప్త'లో అలెగ్జాండర్‌గా శివాజీ గణేశన్ కనిపించాడు. 2017లో మొదలైన సోనీ టీవీ 'పోరస్' సీరియల్ పోరస్‌కు కిరీటం పెట్టింది. సినిమానూ సీరియల్‌నూ డాక్యుమెంటరీ కొలతలతో కొలవకూడదు. కానీ అక్కడ అలెగ్జాండర్ దేవుడు, ఇక్కడ పోరస్ దేవుడు అయితే, ఏనుగుల కాళ్ల కింద పడినవాళ్లు రెండుచోట్లా మాయమైపోతారు.

విజేతల కథలో ఓడినవాళ్ల లెక్క చెప్పడం ఈ కాలపు సున్నితత్వమని, ఆ రోజుల్లో అందరూ అంతేనని కొందరు వాదిస్తారు. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర ఎర్రగుడి బండలు ఆ వాదానికి సమాధానం. అశోకుడి పద్నాలుగు శిలాశాసనాలూ అక్కడ ఉన్నాయి. పదమూడో శాసనంలో గ్రీకు రాజుల పేర్లతో పాటు అలికసుందరుడనే పేరూ వస్తుంది. అతను మన అలెగ్జాండర్ కాదు, తర్వాతి తరంలో గ్రీస్ వైపు ఏలిన అదే పేరుగల రాజు. అదే శాసనంలో అశోకుడు కళింగ యుద్ధం లెక్క చెప్పాడు: చెరపట్టి తరలించినవాళ్లు లక్షా యాభైవేలు, చనిపోయినవాళ్లు లక్ష, ఆ తర్వాత పోయినవాళ్లు అంతకు ఎన్నో రెట్లు. ఇష్టమైనవాళ్లను పోగొట్టుకున్న ఇళ్ల గురించి కూడా చెప్పాడు. కళింగలో, అంటే ధౌలి, జౌగఢ బండల మీద, ఈ శాసనం చెక్కించలేదు. ఎర్రగుడిలో చెక్కించాడు. అలెగ్జాండర్ చనిపోయి అప్పటికి ఒక మనిషి జీవితకాలం మించి గడవలేదు. విజేతే తన చేతులతో చంపినవాళ్లను లెక్కపెట్టగలిగిన కాలం అది. నెట్‌ఫ్లిక్స్ బృందానికి ఆ పని అంత కష్టం కాకూడదు.

చరిత్ర పాఠం చెప్పే టీచర్లు పిల్లలకు వీటిని చూపించాలనుకుంటే, ఒక్క దాన్ని మొదటి నుంచి చివరిదాకా వేయకుండా గాగమెలా ఘట్టం మాత్రం రెండు మూడింటిలో వరసగా వేసి, బాబిలోన్ పలక అనువాదం చదివి వినిపించండి. ఎవరు ముందు పారిపోయారో వాళ్లనే వాదించుకోనివ్వండి. వుడ్ నాలుగు భాగాల్లో ఇరాన్ ఘట్టాలు తప్పకుండా చూపించండి.

నెట్‌ఫ్లిక్స్ ఆరు భాగాలకు ఎప్పుడైనా కొనసాగింపు తీస్తే జీలం దాటక తప్పదు. తీసేవాళ్లు ఏనుగుల మూడు లెక్కలనూ తెర మీద పెట్టి మొదలుపెట్టాలి. ఆ తర్వాత ముల్తాన్ ప్రాంతంలో మల్లుల కోట వస్తుంది. అలెగ్జాండర్ ఛాతీలో బాణం దిగిన చోటు అది. ఆ గాయాన్ని ఎలాగూ బాగా చూపిస్తారు. రాజు చనిపోయాడేమోనన్న కోపంతో సైనికులు ఆ కోటలో ఆడవాళ్లనూ పిల్లలనూ కూడా వదల్లేదని అరియన్ రాసిపెట్టాడు. దాన్ని ఉన్నదున్నట్టు చదివించాలి. దానికి నటులు అక్కర్లేదు, డప్పులు అసలే అక్కర్లేదు.