ఆ డప్ డప్ వెనక ఎవరున్నారు?

మనవాళ్లు పాటలో ఉండే మాటల్ని సాహిత్యం అంటారు. సంగీతం ఫలానా, సాహిత్యం ఫలానా అని వేరువేరుగా పేర్లు వేస్తారు. ఆ లెక్కన నేను ఈసారి రాస్తున్నది సాహిత్యం దాదాపు లేని సంగీతం గురించి. సాహిత్య సంఘం పత్రికలో దీనికి చోటిచ్చిన ఎడిటర్ అక్కకి ముందుగా థాంక్స్.

విషయం టెక్నో. హాస్టల్ రూమ్‌లో స్పీకర్ పెట్టి వింటుంటే, "రేయ్, వాషింగ్ మెషీన్ స్పిన్‌లో వేసినట్టుంది" అన్నాడు మా రూమ్‌మేట్. అందులో కొంచెం నిజం ఉంది కాబట్టి నాకేం కోపం రాలేదు. ఆ తర్వాత అన్నమాటే వారం రోజులు బుర్రలో తిరిగింది. "ఇలాంటివి ఏఐకి చెప్తే అర నిమిషంలో ఇస్తది కదా మామా, దీన్ని డబ్బులు పెట్టి కొన్నావా?"

కొన్నాను. ఇంకా కొంటాను. పైగా ఏఐ అర నిమిషంలో ఇచ్చేస్తోంది కాబట్టే చిన్న టెక్నో లేబుళ్ల కొత్త రిలీజులు డబ్బులు పెట్టి కొనాలని నా వాదన. ఎందుకో చెప్పాలంటే డెట్రాయిట్ దాకా వెళ్లాలి.

డెట్రాయిట్ అంటే అమెరికాలో కార్ల ఊరు. 1950లో అక్కడ జనాభా పద్దెనిమిదిన్నర లక్షలు. 2010కి ఏడు లక్షల చిల్లర. ఫ్యాక్టరీలు వేరే ఊళ్లకి పోయాయి, మిగిలిన వాటిలోకి రోబోలు వచ్చాయి, డబ్బున్న తెల్లవాళ్లు శివార్లకి తరలిపోయారు. ఊరికి పేరు తెచ్చిన మోటౌన్ మ్యూజిక్ కంపెనీ కూడా 1972లో లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చేసింది. 2013లో ఆ ఊరు ఏకంగా దివాలా పిటిషన్ వేసింది. ఒక సిటీ దివాలా తీయొచ్చు అని నాకు అప్పటిదాకా తెలీదు. మునిసిపాలిటీ అంటే ఎప్పటికీ ఉండేదే అనుకునేవాణ్ణి.

ఆ ఊరి దగ్గర బెల్‌విల్ అనే చిన్న టౌన్‌లో ఒకే స్కూల్లో చదువుకున్న ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లు, జువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్, 1980లలో ఈ సంగీతానికి పునాది వేశారు. అట్కిన్స్ ఆల్విన్ టోఫ్లర్ రాసిన 'ది థర్డ్ వేవ్' చదివాడు. టెక్నో అనే మాట వెనక ఆ పుస్తకం ఉంది. 1985లో మెట్రోప్లెక్స్ అని సొంత లేబుల్ పెట్టాడు. 1988లో ఇంగ్లండ్‌లో ఒక కంపెనీ ఈ డెట్రాయిట్ పాటలన్నీ ఒక ఆల్బమ్‌గా వేసి దాని పేరులోనే టెక్నో అని పెట్టేసరికి ఆ పేరు ఖాయమైపోయింది. వీళ్లు వాడిన మెషీన్లేంటి? రోలండ్ కంపెనీ వాళ్ల డ్రమ్ మెషీన్లు, చౌక సింథసైజర్లు. ఉదాహరణకి టీఆర్-808 అనేది 1980లో వచ్చింది, 1983కల్లా తయారీ ఆపేశారు. అసలు డ్రమ్ సౌండ్‌లాగా లేదని చాలామందికి నచ్చలేదు. నచ్చని మెషీన్ సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా దొరుకుతుంది. చేతిలో డబ్బు లేని కుర్రాళ్ల దగ్గరికి అలా చేరింది.

దాని తమ్ముడు టీబీ-303 కథ ఇంకా బాగుంటుంది. బేస్ గిటారిస్ట్ లేని లోటు తీర్చడానికని చేశారు. లోటు తీరలేదు, బేస్ గిటార్‌లాగా అస్సలు వినపడదు. 1984కి అదీ ఆగిపోయింది. 1987లో షికాగోలో ఫ్యూచర్ అనే గ్రూప్ వాళ్లు దాని నాబ్‌లని ఇష్టమొచ్చినట్టు తిప్పితే వచ్చిన వింత గొంతే 'యాసిడ్ ట్రాక్స్'. మాన్యువల్‌లో లేని పని చేయించారు దానితో. (మన దేశంలో కూడా ఒక సంగతి ఉంది. హిందీ సినిమాలకి వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లోనే ఇదే 303, ఇదే 808 పెట్టుకుని పది రాగాలని డిస్కో బీట్ మీద వాయించి రికార్డు వేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ వేస్తే ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది.)

ఇప్పుడు అసలు లేబుల్ దగ్గరికి వస్తా. అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్. అభిమానులు యూఆర్ అంటారు. మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ కలిసి మొదలుపెట్టారు, తర్వాత రాబర్ట్ హుడ్ చేరాడు. 1990లలో వీళ్లు మొహాలకి ముసుగు కట్టుకుని కనిపించేవాళ్లు. ఫొటోకన్నా, పేరుకన్నా రికార్డు ముందుండాలని వాళ్ల పట్టుదల. వినైల్ చివర, సూది ఆగిపోయే ఖాళీ జాగాలో, గీతలు గీసి చిన్న చిన్న మాటలు చెక్కేవాళ్లు. కొన్నవాడికే కనపడుతుంది అది. వీళ్ల సబ్‌మర్జ్ ఆఫీసు, దాన్లోని చిన్న టెక్నో మ్యూజియం ఈస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్ మీద ఉన్నాయి. పాత మోటౌన్ ఇల్లు, ఇప్పుడు మ్యూజియం, వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్ మీద ఉంది. అంటే ఒకే రోడ్డు, రెండు కొసలు. ఊరొదిలి వెళ్లిపోయిన కంపెనీ ఒక పక్క, వెళ్లకుండా ఉన్నవాళ్లు ఇంకో పక్క. నాకైతే గూగుల్ మ్యాప్స్‌లో ఆ రోడ్డు చూస్తూ కూర్చోవడం కూడా ఇష్టమే.

1999లో యూఆర్ నుంచి 'నైట్స్ ఆఫ్ ది జాగ్వార్' అనే రికార్డు వచ్చింది. చేసింది డీజే రొలాండో. యూరప్ క్లబ్బుల్లో పెద్ద హిట్. సోనీ కంపెనీ జర్మనీ శాఖ లైసెన్స్ అడిగింది, వీళ్లు ఇవ్వం అన్నారు. అప్పుడా కంపెనీ ఏం చేసిందంటే, ఆ ట్యూన్‌ని స్వరం స్వరం మక్కీకి మక్కీ మళ్లీ వాయించి సొంతంగా రిలీజ్‌కి పెట్టింది. చట్టం ప్రకారం దాన్ని కవర్ వెర్షన్ అనొచ్చు. ప్రపంచం నలుమూలల నుంచి అభిమానులు ఈమెయిళ్లు కురిపించారు. సోనీ వెనక్కి తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపు బీఎంజీ అనే ఇంకో పెద్ద కంపెనీ అదే వెర్షన్ పట్టుకుంది. యూఆర్ వాళ్లు 'రివెంజ్ ఆఫ్ ది జాగ్వార్' అని కొత్త మిక్సులతో ఇంకో రికార్డు వేసి జవాబు చెప్పారు.

మా రూమ్‌మేట్ ప్రశ్నకి ఈ కథలోనే జవాబు ఉందనిపిస్తుంది నాకు. అప్పట్లో ఒక పాటని మక్కీకి మక్కీ దించాలంటే ఒక పెద్ద కంపెనీ, ఒక స్టూడియో, డబ్బిచ్చి పెట్టుకున్న వాయిద్యకారులు కావాలి. ఎవరు చేశారో తెలుసు కాబట్టి ఎవరికి మెయిల్ కొట్టాలో కూడా తెలుసు. ఇప్పుడు నేను సూనోలో 'డెట్రాయిట్ టెక్నో, 1990లు, విషాదంగా, స్ట్రింగ్స్‌తో' అని టైప్ చేస్తే ఏదో ఒకటి వస్తుంది. టైప్ చేసి చూశాను కూడా. బాలేదు అని చెప్తే అబద్ధం, బానే ఉంది. కానీ అది ఎవరి పాటల మీద ట్రైన్ అయిందో నాకు తెలీదు, తెలుసుకునే దారీ లేదు. 2024 జూన్‌లో మూడు పెద్ద మ్యూజిక్ కంపెనీలు సూనో, ఉడియోల మీద కేసు వేశాయి. 2025 చివరికి వాటిలో యూనివర్సల్ ఉడియోతో, వార్నర్ సూనోతో రాజీకి వచ్చేశాయి. పెద్దవాళ్లకి లాయర్లున్నారు, బేరం కుదుర్చుకున్నారు. కొన్ని వందల కాపీలు వేసుకునే లేబుల్‌ని ఆ బేరానికి ఎవరు పిలుస్తారు?

ఇక్కడ ఎవరైనా నన్ను ఆపి అడగొచ్చు: టెక్నో పుట్టిందే మెషీన్ నుంచి కదా, మెషీన్ పాట చేస్తే నీకు నొప్పేంటి? సరైన ప్రశ్నే. 1982లో బ్రిటన్ మ్యుజీషియన్స్ యూనియన్ లండన్ శాఖ ఒకటి సింథసైజర్లనీ డ్రమ్ మెషీన్లనీ నిషేధించాలని తీర్మానం చేసింది. ఇవాళ చదివితే నవ్వొస్తుంది. నేనూ ఆ తాతయ్యల్లో కలిసిపోతున్నానా అని డౌట్ వచ్చింది.

లేదు అనే అనుకుంటున్నా. 808లో పదహారు బటన్లుంటాయి. ఒక్కో బటన్ ఒక్కో స్టెప్. కిక్ ఎక్కడ పడాలి, క్లాప్ ఎక్కడ పడాలి అని ఎవరో కూర్చుని నొక్కాలి. నొక్కకపోతే మెషీన్ నోరు మెదపదు. మన భాషలో చెప్పాలంటే పదహారు ఎంట్రీల అర్రే ఒకటి, దాన్ని లూప్‌లో తిప్పడం. దానికన్నా సింపుల్ ప్రోగ్రామ్ ఉండదు, ఫస్ట్ ఇయర్ ల్యాబ్‌లో రాయొచ్చు. ఆ పదహారు గడుల్లో ఏది ఖాళీగా వదలాలి అన్నదే మొత్తం విద్య. రాబర్ట్ హుడ్ 1994లో 'మినిమల్ నేషన్' అని ఒక రికార్డు చేశాడు, అందులో ఎంత తీసేశాడో వింటే తెలుస్తుంది. ఇంకోటి, ఆ మెషీన్ కొన్నవాడిది. ఇంట్లో పెట్టుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మాన్యువల్‌లో లేని పని చేయించొచ్చు. ఏఐ మోడల్ మాత్రం నెల అద్దెకి. కంపెనీ రేటు పెంచినా, రూల్స్ మార్చినా మనం చేసేదేం లేదు. ఫ్యాక్టరీలో రోబో వస్తే పని పోగొట్టుకున్న ఊరి పిల్లలు, చౌకగా దొరికిన మెషీన్‌ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. నేను మూడో ఏడాదిలో ఉన్నాను, వచ్చే ఏడాది ప్లేస్‌మెంట్స్. కోడ్ కూడా ఏఐ రాసేస్తోంది అని రోజూ ఎవరో ఒకరు భయపెడుతూనే ఉన్నారు. డెట్రాయిట్ నాకు వేరే దేశపు చరిత్రలాగా అనిపించకపోవడానికి అదొక కారణం.

మరి లేబుల్ ఎందుకు, ఆర్టిస్ట్ నేరుగా అప్‌లోడ్ చేసుకోవచ్చు కదా అంటే, డీజర్ అనే స్ట్రీమింగ్ కంపెనీ 2025 ఏప్రిల్‌లో చెప్పిన లెక్క చూడండి. తమ దగ్గరికి రోజుకి 20,000కి పైగా పూర్తి ఏఐ ట్రాక్స్ వస్తున్నాయట, మొత్తం అప్‌లోడ్‌లలో 18 శాతం. ఆ వరదలో కొత్త కుర్రాడి ట్రాక్ ఎవరికి కనపడుతుంది? లేబుల్ అంటే నా దృష్టిలో కోడ్ రివ్యూ. ఎవరో ఒక మనిషి ఆ ట్రాక్ మొత్తం విన్నాడు, ఇది బాలేదు మార్చు అన్నాడు, చివరికి తన సొంత డబ్బు పెట్టి ప్రెస్ చేయించాడు. తన పేరు పోతుందేమో అన్న భయం ఆయనకి ఉంది. ప్లేలిస్ట్ అల్గారిథమ్‌కి ఆ భయం లేదు. దానికి తోడు స్పాటిఫై 2024 నుంచి పెట్టిన రూల్ ప్రకారం ఏడాదిలో 1,000 స్ట్రీమ్స్ దాటని ట్రాక్‌కి పైసా రాదు. చిన్న లేబుల్ కొత్త రిలీజుల్లో అలాంటివి ఎన్నో ఉంటాయి. నేను రూమ్‌లో పదిసార్లు విన్నా వాళ్లకి ఒరిగేదేం లేదు. అదే బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ ఆల్బమ్ కొంటే సైట్ వాళ్లు 15 శాతం, పేమెంట్ ఖర్చులు తీసుకుని మిగతాది లేబుల్‌కి ఇస్తారు. 2020 మార్చి నుంచి కొన్ని శుక్రవారాలు ఆ 15 శాతం కూడా వదిలేస్తున్నారు.

ఇంత పొగిడాను కాబట్టి తిట్టే హక్కు కూడా ఉంది. కొన్ని లేబుళ్లు వినైల్ మాత్రమే వేస్తాం, డిజిటల్ ఇవ్వం అంటాయి. అండర్‌గ్రౌండ్ అంటే అదే అని వాళ్ల నమ్మకం. బెర్లిన్‌లో ఉన్నవాడు షాపుకి నడిచెళ్లి కొనుక్కుంటాడు. ఇక్కడికి ఒక రికార్డు తెప్పించాలంటే షిప్పింగ్, కస్టమ్స్ కలిపి రికార్డు రేటుని మించిపోతాయి. అదయ్యాక దాన్ని ప్లే చేయడానికి టర్న్‌టేబుల్ కావాలి. స్టాక్ అయిపోతే అదే రికార్డుని ఇంకెవరో మూడింతల రేటుకి అమ్ముతారు, ఆ లాభంలో ఆర్టిస్ట్‌కి రూపాయి వెళ్లదు. పెద్ద కంపెనీలని దూరం పెట్టడానికి కట్టిన గోడ, వాళ్లని ఆపలేదు, జాగ్వార్ కథలో చూశాం కదా. డబ్బులేని శ్రోతని మాత్రం భేషుగ్గా ఆపుతోంది. డెట్రాయిట్ కుర్రాళ్లకి 808 చౌకగా దొరికి ఉండకపోతే ఈ సంగీతమే లేదు. మరి వినడం ఎందుకు ఖరీదవ్వాలి?

ఈ విషయంలో డ్రెక్సియా రికార్డులు మంచి ఉదాహరణ. జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్ అనే ఇద్దరు చేశారు, యూఆర్ లేబుల్ మీద కూడా వేశారు. 1997లో వచ్చిన 'ది క్వెస్ట్' అట్ట మీద ఒక కథ ఉంది. బానిసల ఓడల నుంచి సముద్రంలోకి తోసేసిన గర్భిణీ స్త్రీల పిల్లలు చనిపోకుండా నీళ్లలోనే ఊపిరి పీల్చడం నేర్చుకుని ఒక జాతిగా బతుకుతున్నారేమో అని. పాటలో సాహిత్యం లేదన్నాను కదా, అట్ట మీద దాచిపెట్టారు. 2019లో రివర్స్ సాలమన్ రాసిన 'ది డీప్' నవల దాకా పాకింది ఆ కథ. స్టిన్సన్ 2002లోనే చనిపోయాడు. ఆ పాత రికార్డులు చాలాకాలం కలెక్టర్ల బీరువాల్లోనే ఉండిపోయాయి. 2011 నుంచి రాటర్‌డామ్‌లోని క్లోన్ అనే లేబుల్ 'జర్నీ ఆఫ్ ది డీప్ సీ డ్వెల్లర్' పేరుతో నాలుగు భాగాలుగా మళ్లీ వేసింది. కొత్త రిలీజుల లిస్టుల నిండా పాతవే అని కొందరు విసుక్కుంటారు. నేను విసుక్కోను. అప్పటికి పుట్టని నాలాంటివాడికి అదే మొదటి రిలీజ్.

వినాలనుకునేవాళ్లకి ఒక చిన్న సలహా. గెలాక్సీ టు గెలాక్సీ పేరుతో యూఆర్ వేసిన 'హై-టెక్ జాజ్'తో మొదలుపెట్టండి, అందులో శాక్సఫోన్ ఉంటుంది, వాషింగ్ మెషీన్ గుర్తురాదు. తర్వాత జాగ్వార్, ఆ తర్వాత డ్రెక్సియా. లాప్‌టాప్ స్పీకర్‌లో మాత్రం వద్దు, దాంట్లో బేస్ రాదు, సగం పాట పోతుంది. పది రూపాయలు తక్కువైనా పర్లేదు, వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫ్యాన్ ఆపేసి వినండి.