ఊనిక నేర్పని ఉచ్చారణ పాఠం అసంపూర్ణం

సంపాదకులకు,

తరగతి వేళల వెలుపల జరిగే ఆంగ్ల ఉచ్చారణ శిక్షణను విదేశీ యాసను అనుకరించే ప్రయాసగా గత సంచికలోని వ్యాసం తేల్చివేయడం సమంజసం కాదు. పాఠ్యభాగం పూర్తిచేయవలసిన తొందరలో, 40 మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి ఉచ్చారణను వినే వ్యవధి ఉపాధ్యాయునికి దొరకదు కనుక, ఆ లోటును చిన్న బృందాల సాధనే పూడ్చగలదు.

అక్కడ ముందుగా నేర్పవలసింది ఊనిక, అంటే పదంలోని ఒక అక్షరాన్ని తక్కినవాటికన్నా బలంగా పలకడం. 'ఫొటోగ్రాఫ్'లో మొదటి అక్షరంపై ఉండే ఊనిక 'ఫొటోగ్రఫీ'లో రెండవదానిపైకి జరగడంతో, మొదటి అక్షరంలోని అచ్చు బలం కోల్పోయి 'ఫ'కు దగ్గరగా వినిపిస్తుంది. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన పదానికి అర్థం మారదు కనుక, తెలుగు విద్యార్థి ఈ తేడాను సాధారణంగా పట్టించుకోడు. నిఘంటువులోని ఊనిక గుర్తును చూసి పలకడం, ఆ మాటను ఫోనులో రికార్డు చేసి ఉపాధ్యాయుని సమక్షంలో సరిచూసుకోవడం ఇందుకు ఖర్చులేని మార్గాలు.

ఆంగ్ల బోధనకై 1958లోనే కేంద్రీయ సంస్థ వెలసిన హైదరాబాదు నుంచి మారుమూల ప్రభుత్వ పాఠశాల వరకు, ఎవరి యాస వారికి ఉంటూనే మాట స్పష్టంగా అర్థమయ్యే ఈ శిక్షణ ప్రతి విద్యార్థికీ అందాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు