మొక్కజొన్న మేత మనకొద్దు, వాళ్ళ సంఘం లెక్క కావాలి

పోయిన వీడియోలో కెనడా ఫీడ్‌లాట్ల గురించి రెండు ముక్కలు చెప్పగానే ఫోన్లు మొదలయ్యాయి. "ప్రకృతి వ్యవసాయం అంటావు, మొక్కజొన్న కుక్కి మాంసానికి పశువుల్ని పెంచేవాళ్ళని మెచ్చుకుంటావేంటి తమ్ముడూ?" అని. కోపం న్యాయమే. నెమరు వేసే జీవికి గింజలు ప్రధాన మేత కాదని డిప్లొమాలో చదివాను, మా దొడ్లో రోజూ చూస్తున్నాను కూడా. ఆవు సంగతైతే మన రాష్ట్రంలో చట్టమే ఒప్పుకోదు. నేను మాట్లాడేది వాళ్ళ మేత గురించి కాదండి, వాళ్ళ సంఘం గురించి.

ఒంటారియో అని కెనడాలో ఒక రాష్ట్రం. దూడల్ని కొని, మేపి, బరువెక్కాక అమ్మే రైతుల్ని అక్కడ క్యాటిల్ ఫీడర్లు అంటారు. చాలావరకు కుటుంబ రైతులే. పడమటి వైపు ఆల్బెర్టాలో ఉన్న భారీ ఫీడ్‌లాట్లతో పోలిస్తే వీళ్ళు చిన్నవాళ్ళు, ధరలో వాళ్ళతో పోటీ పడలేరు. అందుకే ఒంటారియో క్యాటిల్ ఫీడర్స్ అసోసియేషన్ 2000ల మొదట్లో 'ఒంటారియో కార్న్ ఫెడ్ బీఫ్' అని సొంత బ్రాండ్ పెట్టింది. కొత్త మేతేమీ కనిపెట్టలేదు. వాళ్ళ చేలల్లో ఎప్పట్నుంచో పండుతున్న మొక్కజొన్ననే పేరుగా పెట్టుకున్నారు, అంతే.

పేరు పెట్టడం ఎవరైనా చేస్తారు. మన దగ్గర ప్రతి మండలానికీ ఒక బ్రాండ్ ఉంది! కానీ ఆ బ్రాండ్‌లో ఉండాలంటే రైతు ఏం మేపాడో రాయాలి. ఏ చెవి ట్యాగు పశువుకి ఏ మందు ఎప్పుడు వేశాడో, వేశాక ఎన్ని రోజులు ఆగి అమ్మాడో రాయాలి. బయటి మనిషి వచ్చి ఆ పుస్తకం తిరగేస్తాడు. ఆ పుస్తకం ఉంది కాబట్టే లాబ్లా లాంటి పెద్ద సూపర్‌మార్కెట్ కంపెనీ ఆ పేరుతోనే అమ్ముతోంది, జపాన్‌కీ వెళ్తోంది.

నాకు ఇంతకన్నా నచ్చింది అప్పు సంగతి. ఇది అసోసియేషన్ కాదు, అక్కడి ఫీడర్ల కోఆపరేటివ్‌లు నడిపేది. 1990 నుంచి ఉంది. దూడలు కొనడానికి రైతు నేరుగా బ్యాంకుకి పోడు, స్థానిక కోఆపరేటివ్ దగ్గరికి పోతాడు. తీసుకునే అప్పులో 5 శాతం డిపాజిట్ కడతాడు. కొన్న దూడలు కాగితం మీద కోఆపరేటివ్ సొత్తు, మేపేది మాత్రం రైతు. అమ్మాక డబ్బు కోఆపరేటివ్‌కే వస్తుంది, అసలూ వడ్డీ పట్టుకుని మిగతాది రైతుకి ఇస్తారు. ఎవరైనా ఎగ్గొడితే ముందు ఆ డిపాజిట్ల నుంచే కోత పడుతుంది, ఆ తర్వాతే ప్రభుత్వ హామీ. ఆ హామీ కూడా అప్పులో నాలుగో వంతుకే. పొలం తాకట్టు లేదు, ఇంట్లో బంగారం కదలదు. పక్కింటాయన దొడ్లో పశువు చిక్కిపోతే నా డిపాజిట్‌కి చిల్లు పడుతుందంటే, నేను వెళ్ళి చూడనా? మన డ్వాక్రా అక్కలకి ఈ సూత్రం ఎవరూ నేర్పక్కర్లేదు. మగవాళ్ళ సంఘాల్లోనే ఇది ఎందుకో నిలబడదు.

వాళ్ళకీ కష్టాలున్నాయి. 2024 మే చివర్లో గ్వెల్ఫ్‌లోని కార్గిల్ ప్లాంట్‌లో కార్మికులు సమ్మె కడితే దాదాపు 6 వారాలు పని ఆగింది. అమ్మకానికి వచ్చిన పశువు ఆగదు కదా, రోజూ తింటూనే ఉంటుంది. బ్రాండ్ మనదైనా కోసే చోటు ఒకడి చేతిలో ఉంటే సగం జుట్టు వాడికి ఇచ్చినట్టే. సంఘం ఉంటే అన్నీ అయిపోతాయని నేను చెప్పను.

ఇక మన సంగతి. దూడకి బదులు పొట్టేలు పిల్ల అనుకోండి, వ్యాపారం అచ్చం అదే. మూడు నెలల పిల్లని సంతలో కొంటాం, నాలుగైదు నెలలు మేపుతాం, బక్రీద్‌కో దసరాకో అమ్ముతాం. కొనేటప్పుడు వడ్డీ వ్యాపారి, అమ్మేటప్పుడు దళారి. సంతలో కాటా ఉండదు, కంటి అంచనా, తుండుగుడ్డ కింద వేళ్ళ బేరం. వేరుశనగ చెక్క, కంది పొట్టు, జొన్న చొప్ప, గట్ల మీద అవిశ మేపి, రసాయనం తగలకుండా పెంచిన పొట్టేలుకీ, ఏం తిన్నదో తెలియని పొట్టేలుకీ ఒకటే రేటు. తేడా చూపించడానికి మన దగ్గర కాగితం లేదు. హైదరాబాద్‌లో కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న అదే.

పంటకైతే పీజీఎస్ ఉంది. కనీసం 5 మంది రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఆ అలవాటునే దొడ్లోకి తెమ్మంటున్నా. చెవికి ట్యాగు, పి.పి.ఆర్., చిటుక రోగం టీకా తేదీలు, నెలకోసారి కాటా బరువు, మేత పేర్లు. ఒక నోటుబుక్కు చాలు, యాప్ అక్కర్లేదు.

ఎఫ్‌పీవోలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కేంద్ర పథకంలో సభ్యుడి వాటాకి సమానంగా 2,000 రూపాయల దాకా గ్రాంటు వస్తుంది కాబట్టి చాలామంది వాటా కట్టారు. గ్రాంటు కోసం కట్టిన వాటాకి, పక్కవాడి పూచీగా పెట్టిన డిపాజిట్‌కి చాలా తేడా ఉంది. మొదటిదాని కోసం ఎవడూ పక్కవాడి దొడ్లోకి తొంగి చూడడు.

లెక్క వేసి చూశా. పిల్ల 6,000 చొప్పున 20 పిల్లలంటే 1,20,000. అందులో 5 శాతం 6,000, అంటే ఒక్క పిల్ల ధర. మా ఊళ్ళో ఏడుగురం ఒప్పుకున్నాం. ఎనిమిదో ఆయన మాత్రం, "మిగతా ఆరుగురి మీద నాకు నమ్మకమే, ఆ ఒక్కడి మీద లేదు" అంటున్నాడు. ఆ ఒక్కడూ ఎవరో చెప్పట్లేదు. వచ్చే సంత లోపు అది తేలాలి.