తీగల మార్గము - రైతు మాట

గుంటూరు శీతల గిడ్డంగులలో మిరప చెడక నిలుచుట విద్యుత్తు చలువయే. ఈ సంగతి రైతుకు తెలియనిది కాదు. అయినను హైటెన్షన్ తీగల మార్గమును ఎదిరించు రైతు సంఘములను ప్రగతి నిరోధకులని నిందించువారు చదువుకొన్నవారిలోనే కలరు. ఆ నిందను మేమంగీకరింపము.

వేమగిరి నుండి చిలకలూరిపేట మీదుగా కడపకు సాగిన 765 కిలోవోల్టుల లైనునే చూడుడు. ఇట్టి జంట సర్క్యూట్ లైనుకు 67 మీటర్ల వెడల్పు దారి కావలెను. అనగా కిలోమీటరుకు సుమారు పదహారున్నర ఎకరములు. టవరు కాళ్లు ఆక్రమించునది అందులో కొద్దియే. క్రింద పత్తి, మిరప వేసికొనవచ్చును. సుబాబుల్, జామాయిల్ పెంచరాదు, ఇల్లు కట్టరాదు, బోరు బండి నిలుపుట ప్రాణాపాయము. పట్టా మాత్రము రైతు పేరనే యుండును. కొనువాడే రాడు!

ఇది భూసేకరణ కాదు గనుక సమ్మతి అక్కరలేదట. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టపు అధికారములను లైను వేయువారికి ఈయవచ్చునని 2003 విద్యుత్ చట్టపు 164వ సెక్షను చెప్పినది. తెల్లదొరల నాటి సన్నని తంతి తీగకు పుట్టిన అధికారము 765 కిలోవోల్టులకు తగునా?

పరిహారము కొంత మెరుగైనది. 2015లో కేంద్రము టవరు స్థలమునకు భూమి విలువలో 85 శాతము, తీగల క్రింది నేలకు 15 శాతము మించకుండ సూచింపగా, 2024 జూన్‌లో అవి 200, 30 శాతములైనవి. కాని డబ్బు దారిని మార్చదు. సర్వే రాళ్లు పాతకముందే మార్గపు పటమును తెలుగున గ్రామసభ యెదుట పెట్టవలెను. భూగోళము చదివిన మన విద్యార్థులు దానిని పెద్దలకు విప్పి చెప్పగలరు. కల్లములలో కాయ ఆరుచుండగా యంత్రములను చేలోనికి దింపరాదు. పోరంబోకు వెంబడి పోగల దారి ఉండియు పోనిచో, ఏల పోలేదో సంఘమునకు వ్రాతమూలముగా తెలుపవలెను.