‘తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోకండి

ఇంగ్లండ్‌లో పెళ్లికి సిద్ధమవుతున్న ముస్లిం యువతీయువకులకూ, హైదరాబాద్‌లో ఉన్న వారి అమ్మానాన్నలకూ ఇది హెచ్చరిక. అక్కడ ఏ హాల్లోనో ఇంట్లోనో ఇమామ్ చదివించిన నిఖా ఒక్కటే చేసుకుంటే, ఆ దేశపు చట్టం లెక్కలో మీరు భార్యాభర్తలు కారు.

1998లో లండన్ సౌతాల్‌లోని ఒక రెస్టారెంట్లో, బంధుమిత్రుల నడుమ ఒక జంటకు నిఖా జరిగింది. సివిల్ పెళ్లి, అంటే చట్టప్రకారం రిజిస్టరయ్యే పెళ్లి, తర్వాత చేసుకుందాం అనుకున్నారు. అది జరగనే లేదు. నలుగురు పిల్లలు పుట్టాక విడిపోయారు. భార్య కోర్టుకెక్కింది. 2018లో హైకోర్టు దాన్ని చెల్లని వివాహంగా గుర్తించింది. అలా గుర్తించినా భరణం, ఆస్తిలో వాటా అడిగే వీలుంటుంది. 2020 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ వీలూ తీసేసింది. చట్టప్రకారం అది చెల్లని పెళ్లి కూడా కాదు, అసలు పెళ్లే కాదంది. ఇలాంటి నిఖాతో కాపురం చేసినామెకు, భర్త వీలునామా రాయకుండా చనిపోతే భార్యగా వారసత్వమూ రాదు.

మనవాళ్లు పొరబడేది ఒకచోటే: ఇక్కడ చెల్లే నిఖా అక్కడా అలాగే చెల్లుతుందనుకోవడం. హైదరాబాద్‌లో ఖాజీ చదివించిన నిఖాకు చట్టం అండ ఉంది. నిఖానామా చూపితే వక్ఫ్ బోర్డు మ్యారేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది. ఇక్కడ చట్టబద్ధంగా జరిగిన నిఖాను ఇంగ్లండ్ కూడా సాధారణంగా ఒప్పుకుంటుంది. అదే నిఖా ఇంగ్లండ్‌లో జరిగితే అక్కడి వివాహ చట్టమే వర్తిస్తుంది. అక్కడి షరియా కౌన్సిళ్లు ఖులా ఇవ్వగలవేమో గానీ, ఇంట్లో వాటా ఇప్పించే అధికారం వాటికి లేదు.

రిజిస్ట్రేషన్ దీన్‌కు విరుద్ధమని ఎవరైనా చెబితే నమ్మకండి. నిఖా అంటేనే సాక్షుల ఎదుట, మెహర్‌తో కుదిరే ఒప్పందం. దాన్ని పక్కాగా రాయించడంలో తప్పేముంది? పాకిస్తాన్ 1961లోనే నిఖా నమోదుకు చట్టం చేసింది. ప్రొఫెసర్ మోనా సిద్దిఖీ నాయకత్వంలో బ్రిటన్‌లో జరిగిన సమీక్ష కూడా, సివిల్ పెళ్లి నిఖాకు ముందో, నిఖాతో పాటో జరిగేలా చట్టం మార్చాలని 2018లో సిఫారసు చేసింది.

నిఖా తేదీ ఖాయం చేసే ముందే ఇద్దరూ రిజిస్టర్ ఆఫీసులో నోటీసు ఇవ్వండి. కనీసం 28 రోజులు ఆగాలి. మీ మసీదు పెళ్లిళ్లకు రిజిస్టర్ అయిందో లేదో అడగండి. ఆడపిల్ల తల్లిదండ్రులు మెహర్ ఎంతని అడిగే నోటితోనే సివిల్ పెళ్లి ఎప్పుడని అడగాలి. నిఖా ఎప్పుడో అయిపోయినవాళ్లూ ఇప్పుడు సివిల్ పెళ్లి చేసుకోవచ్చు. ఈ వారమే ఆ పని మొదలుపెట్టండి.