వ్యాను దొంగకు, కంతులు కూలీకి

వరుస కరువులకు వేరుశనగ ఎండి, సేద్యం వదిలి, ఫైనాన్సు మీద పాత వ్యాను కొని బతుకుతున్నవాళ్లు అనంతపురం పల్లెల్లో ఎందరో. ఆ బండి దొంగలపాలైతే కూడు పోతుంది, కంతులు పోవు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు దొంగతనానికి పైసా ఇవ్వదు.

ఇమ్మొబిలైజరున్న బండి అంత తేలిగ్గా పోదు. తాళంచెవిలో చిన్న చిప్పు ఉంటుంది. దాని సంకేతం ఇంజను కంప్యూటరుకు సరిపోకుంటే ఎన్ని తీగలు కలిపినా ఇంజను స్టార్టు కాదు. (లారీ మీద ఎక్కించుకుపోతే అదీ ఏమీ చేయలేదనుకోండి!) యూరపులో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి. మరి మనోళ్ల చేతికొచ్చే పాత వ్యానుకో? ముక్కుపిండి కంతులు వసూలుచేసే ఫైనాన్సు కంపెనీలే అప్పిచ్చేనాడు దీన్ని బిగించి ఇవ్వాలని మేము అడుగుతున్నాం.

అందాకా మెకానిక్ చేత డీజిలు ఆపే చాటు స్విచ్చి పెట్టించుకోండి. కొనేటప్పుడు తాళంచెవులు రెండూ అడిగి తీసుకోండి. రెండోది ఇంకొకరి దగ్గరుంటే ఏ చిప్పూ కాపాడదు.