ముదురు రంగు చీరలు

రెండేళ్లపాటు మా మేనత్త ముదురు రంగు చీరలే కట్టింది. ఎందుకో మాకెవరికీ తట్టలేదు. ఓ పొద్దున పెరట్లో కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. హిమోగ్లోబిన్ 6 ఉంది. డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగాక తల వంచుకుని చెప్పింది: “దొడ్డికెళ్లినప్పుడల్లా నెత్తురు పడుతోందమ్మా. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగుతున్నా.”

మొలలు. చుక్కాచుక్కా పోయిన నెత్తురే మనిషిని అంతగా తోడేసింది.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తలు మనందరికీ ఉంటాయి. మలం, గాలి జారిపోకుండా కాసేవాటిలో అవీ ఒకటి. మలబద్ధకంతో రోజూ ముక్కడం వల్లో, కడుపుతో ఉన్నప్పటి ఒత్తిడి వల్లో అవి ఉబ్బి కిందికి జారితే మొలలంటాం. లోపలి మొల మామూలుగా నొప్పి పెట్టదు, నెత్తురు మాత్రం కారుస్తుంది. నొప్పి లేదు కదా అని అత్త ఊరుకుంది.

ఈ సిగ్గు మీదే కొందరు వ్యాపారం చేస్తున్నారు. బస్టాండుల దగ్గర బోర్డులు చూసే ఉంటారు: మూలశంక, భగందరాలకు ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం. లోపల పరీక్ష ఉండదు, ఇంజెక్షన్ ఉంటుంది. అందులో ఏముందో చెప్పరు. అది పడరాని చోట పడితే కండ కుళ్లిపోతుంది, మలద్వారం ఇరుకైపోతుంది. నిజానికి చదువుకున్న డాక్టరు దగ్గరా కోత లేని దారి ఉంది. లోపలి మొల మొదలు చుట్టూ చిన్న రబ్బరు బ్యాండు వేస్తారు. రక్తం అందక మొల కొద్ది రోజుల్లోనే ఎండి రాలిపోతుంది. అత్తకూ అదే చేశారు.

చాలామందికి అంతదాకా కూడా అక్కర్లేదు. తెల్లన్నం, వేపుళ్లతో సరిపెట్టే కడుపుకు రోజూ 25–30 గ్రాముల పీచు కావాలి. తోటకూర, జామకాయ, జొన్నరొట్టె, రాగిసంగటి, వాటితోపాటు తగినన్ని నీళ్లు. నొప్పిగా ఉంటే గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది పదిహేను నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. దొడ్డికెళ్లి ఎక్కువసేపు కూర్చుండిపోకుండా ఫోను మాత్రం బాత్రూము బయటే పెట్టండి. మన పెద్దవాళ్లు మొలలకు కంద పెట్టేవారు. సంస్కృతంలో దానికి అర్శోఘ్నమనే పేరే ఉంది, అంటే మొలల్ని పోగొట్టేది. కంద తినండి, మంచిదే. నెత్తురు పడుతుంటే మాత్రం కందను నమ్ముకుని రోజులు గడపొద్దు.

ఎందుకంటే నెత్తురు పడ్డ ప్రతిదీ మొల కాదు. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ నెత్తురు పడుతుంది. దాన్ని మొలలనుకుని నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. విరేచనం తీరు మారినా, బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా, నడివయసు దాటాక కొత్తగా నెత్తురు కనిపించినా వెంటనే చూపించుకోండి. డాక్టరు వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

మీ ఇంట్లో పెద్దావిడ ఉంటే ఈ వారం పక్కన కూర్చుని ఒక్కసారి అడగండి. తనంతట తాను చెప్పదు.